రోజూ రుద్దుతున్నా ముఖం గరుకుగానే ఉంది, ఇక పీల్ చేయించుకోవడమేనా?

నీలిమబ్బు అడిగారు:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను. సగం సగం చెబితే సగం సలహాలే వస్తాయని భయం.

నాకు 33 ఏళ్లు. చామనఛాయ కంటే ఒక మెట్టు ముదురు రంగు. ఎదురుగా నిలబడి చూసేవాళ్లకు నా ముఖంలో పెద్ద తేడా ఏమీ కనిపించదు. కిటికీ పక్కన నిలబడి, వెలుతురు ఒక పక్క నుంచి పడేలా చేతి అద్దం పట్టుకుని చూసుకుంటే మాత్రం నుదుటి మీద, దవడ పొడుగునా గుండుసూది తలంత గింజలు లెక్కలేనన్ని కనిపిస్తాయి. చీము లేదు, నొప్పి లేదు, ఎరుపు కూడా లేదు. చర్మం రంగులోనే ఉంటాయి. వేలితో తడిమితే ఉప్పుకాగితం తగిలినట్టు ఉంటుంది. పాత మొటిమల మచ్చలు బుగ్గల మీద ఒక ఏడెనిమిది ఉన్నాయి.

ఎనిమిది నెలల నుంచి నేను చేస్తున్నది ఇది: పొద్దున గరుకు గింజలున్న స్క్రబ్‌తో రుద్దుకుంటాను. రాత్రి 7 శాతం గ్లైకాలిక్ యాసిడ్ టోనర్. రోజు విడిచి రోజు 2 శాతం సాలిసిలిక్ సీరమ్. రెండు నెలల కిందట వీటికి రెటినాల్ (విటమిన్ ఎ రకం మందు) కూడా కలిపాను. మొదటి పది రోజులు ముఖం గాజులా మెరిసింది. ఆ మెరుపు చూసే ఆశ పుట్టింది. ఆ తర్వాత ఎంత రుద్దినా మధ్యాహ్నానికి ముక్కు పక్కన, గడ్డం మీద సన్నగా పొలుసులు లేస్తున్నాయి. పౌడర్ వేస్తే వాటి మీదే అట్టలా పేరుకుంటోంది. ముఖం కడుక్కుంటే చర్మం పట్టేసినట్టు బిగుసుకుంటుంది. గత రెండు వారాలుగా మామూలు నీళ్లు తగిలినా చురుక్కుమంటోంది.

మృతకణాలు ఇంకా పోలేదని, ఇంట్లో చేసుకునేది సరిపోవడం లేదని నాకు అర్థమైంది. అందుకే కెమికల్ పీల్, అంటే యాసిడ్ రాసి పైపొరను ఊడగొట్టే చికిత్స, చేయించుకుందామనుకుంటున్నాను. ఒక క్లినిక్‌కు ఫోన్ చేసి కనుక్కుంటే "ఆరు సిట్టింగులు పడతాయి, రేపే రండి" అన్నారు. ఏం వాడుతున్నానో, చర్మం ఎలా ఉందో ఏమీ అడగలేదు. మూడు వారాల్లో కొత్త ఉద్యోగంలో చేరాలి. రోజంతా మనుషుల ఎదురుగా కూర్చునే పని. ఆలోపు ముఖం నునుపు కావాలని నా తాపత్రయం.

పీల్ మంచిదా, మైక్రోడెర్మాబ్రేషన్ మంచిదా, లేక లేజర్‌కు వెళ్లాలా? భుజాల వెనక కూడా ఇలాంటి గరుకే ఉంది, చిన్నప్పటి నుంచీ. దానికీ ఇదే చేయించుకోవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

---

వెన్నెలవాన జవాబు:

నేను గ్లైకాలిక్ పీల్ నాలుగు సార్లు చేయించుకున్నాను, మూడేసి వారాల తేడాతో. నాకైతే బాగా పనిచేసింది. పెట్టిన రెండు మూడు నిమిషాలు చీమలు పాకినట్టు ఉంటుంది, అంతే. మూడో రోజు కాస్త పొట్టు లేచింది, ఐదో రోజుకు పోయింది. మచ్చలు పూర్తిగా పోలేదు కానీ పలచబడ్డాయి. మీరు అంత భయపడాల్సిన పని లేదు.

ఒక్కటి మాత్రం గుర్తొచ్చింది. మా డాక్టరు మొదటి పీల్‌కు ముందు నెల రోజులు సన్‌స్క్రీన్, ఒక క్రీము తప్ప ఏమీ రాయొద్దన్నారు. అప్పుడు ఎందుకో అర్థం కాలేదు. మీరు అన్నీ ఒకేసారి వాడుతున్నారు కాబట్టి చెబుతున్నా.

---

మెత్తనిదూది జవాబు:

నీలిమబ్బు గారూ, దయచేసి రేపు వెళ్లకండి. మీ పోస్టు రెండుసార్లు చదివాను, చదివి ఊరుకోలేకపోయాను.

నేను డాక్టర్ని కాను. చర్మవ్యాధుల నిపుణుల దగ్గర పదకొండేళ్లు పీల్ గదిలో సహాయకురాలిగా పనిచేశాను. బ్రష్ అందించడం, టైమర్ పెట్టడం, తడి గాజుగుడ్డ పట్టుకుని పక్కన నిలబడటం నా పని. ఆ పదకొండేళ్లలో నేను నేర్చుకున్నదాన్ని బట్టి చెబితే, మీకు లేస్తున్న ఆ పొలుసులు పోకుండా మిగిలిపోయిన మృతకణాలు కావు. మీరు రుద్దడం వల్ల పుట్టుకొస్తున్నవి.

ఎందుకంటే చర్మం తన పొట్టును తనే రాల్చుకుంటుంది. పైపొర అడుగున కొత్త కణం పుట్టి, మెల్లగా పైకి జరుగుతూ రెండు వారాలకు పైభాగానికి చేరి అక్కడ ప్రాణం లేని పొలుసుగా మారుతుంది. ఇంకో రెండు వారాలు పైన కాపలా కాసి రాలిపోతుంది. యువ చర్మంలో మొత్తం దాదాపు 28 రోజులు, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. మనం "మృతకణాలు" అని చీదరించుకునే ఆ పొర మందమెంతో తెలుసా? ఒక మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా, బయటి మురికి లోపలికి రాకుండా ఆపుతున్నది ఆ పలచని పొరే. అది చెత్త కాదండీ, ఇంటికి పైకప్పు.

ఆ పొలుసుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచేవి ప్రొటీన్ బొత్తాముల్లాంటివి. సమయం వచ్చినప్పుడు ఎంజైములు వాటిని ఒక్కొక్కటిగా తెంపుతాయి, కణం కంటికి కనిపించకుండా రాలిపోతుంది. అయితే ఆ ఎంజైములు పనిచేయాలంటే పైపొరలో తడి ఉండాలి. మీరు పొద్దున గింజలతో గీరారు, రాత్రి యాసిడ్ రాశారు, దాని మీద రెటినాల్ రాశారు. కప్పు చిల్లులు పడింది, తడి ఆవిరైపోయింది. తడి లేక ఎంజైములు మొరాయించాయి, బొత్తాములు తెగలేదు. ఒక్కొక్కటిగా రాలాల్సిన కణాలు గుంపులు గుంపులుగా అతుక్కుని, మీ కంటికి కనిపించే పొట్టుగా లేస్తున్నాయి. పొట్టు కనిపించగానే మీరు మళ్లీ రుద్దుతున్నారు. ఎనిమిది నెలలుగా ఈ గానుగలోనే తిరుగుతున్నారు. నీళ్లు తగిలినా చురుక్కుమనడం దానికి ఆఖరి హెచ్చరిక.

మొదటి పది రోజుల మెరుపు సంగతి కూడా చెప్తాను. పైపొర సమంగా ఉంటే వెలుతురు సమంగా తిరిగొస్తుంది కాబట్టి తొలి రోజుల మెరుపు నిజమే. కానీ తర్వాత వచ్చే మెరుపు వేరు. చర్మం బిగదీసినట్టు, ప్లాస్టిక్ కాగితం కప్పినట్టు, సన్నని గీతలతో మెరుస్తుంది. అది దెబ్బతిన్న చర్మం మెరుపు. చాలామంది దాన్నే ఫలితం అనుకుని మోతాదు పెంచేస్తారు.

ఇక పీల్ గదిలో ఏం జరుగుతుందో చెప్పనివ్వండి. పీల్ అంటే కొలిచి పెట్టే గాయం. పైపొరను లెక్క ప్రకారం దెబ్బతీసి, మానేటప్పుడు కొత్త చర్మం సమంగా వచ్చేలా చేస్తారు. ముందు ముఖం మీది జిడ్డు తుడుస్తారు. ముక్కు మూలలు, కంటి కొసలు, పెదవుల చివర్లలో యాసిడ్ గుమికూడకుండా పెట్రోలియం జెల్లీ రాస్తారు. నుదుటితో మొదలుపెట్టి, బుగ్గలు, గడ్డం, చివరకు ముక్కు దగ్గర. బ్రష్ తాకిన క్షణం నుంచి టైమర్ నడుస్తుంది. గ్లైకాలిక్ అయితే ఆపేదాకా పనిచేస్తూనే ఉంటుంది. సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో దాన్ని చంపాలి, లేదా నీళ్లతో బాగా కడిగేయాలి. సాలిసిలిక్ అయితే దానంతట అదే ఆగిపోతుంది, ముఖం మీద తెల్లటి పొడి మిగులుతుంది. అది మందు స్ఫటికం, చర్మం కాదు. టీసీఏ (ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్) అనే ఇంకో యాసిడ్ పెట్టినప్పుడు వచ్చే తెలుపు మాత్రం చర్మంలోని ప్రొటీన్ గడ్డకట్టడం వల్ల వస్తుంది. ఆ తెలుపు వచ్చాక వెనక్కి తీసుకోవడమంటూ ఉండదు. ఈ తేడా తెలియనివాళ్ల చేతిలో ముఖం పెట్టకూడదు.

ఇప్పుడు మీకు ఎందుకు వద్దంటున్నానో వినండి. ఒకావిడ వచ్చారు, మీ వయసే ఉంటుంది. ముందు రోజు రాత్రి ముఖం శుభ్రంగా ఉండాలని స్క్రబ్‌తో గట్టిగా రుద్దుకున్నారు. మేము అడగలేదు, ఆవిడ చెప్పలేదు. 30 శాతం గ్లైకాలిక్. నుదురు బాగానే ఉంది. కుడి బుగ్గ మీద బ్రష్ వేసి అర నిమిషం కాలేదు, నాలుగు గీతలు తేలాయి. పక్కపక్కనే, కింద నుంచి చెవి వైపు ఏటవాలుగా, బూడిదరంగు తెలుపులో. ఆవిడ వేళ్లు ముందు రోజు రాత్రి ఎటు నుంచి ఎటు జరిగాయో అచ్చు గుద్దినట్టు కనిపించింది. వెంటనే ఆపేశాం, చల్లటి గుడ్డలు వేశాం. కానీ గీరుకుపోయిన చోట యాసిడ్ అప్పటికే లోతుకు దిగిపోయింది. వారం తర్వాత ఆ నాలుగు గీతలు గోధుమరంగుకు తిరిగాయి. అవి పోవడానికి ఐదు నెలలు పట్టింది. ప్రతి నెలా వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవారు, ఒక్కసారి కూడా మమ్మల్ని మాట అనలేదు. ఆ ముఖం నేను మర్చిపోలేదు. ఆ తర్వాత ప్రతి మనిషినీ "నిన్న రాత్రి ముఖానికి ఏం రాశారు?" అని అడగకుండా నేను బ్రష్ అందించలేదు.

మన రంగు చర్మాలకు ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. చర్మం ఎండకు ఎలా స్పందిస్తుందో చూసి రకాలుగా విభజించే పద్ధతిని 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే డాక్టర్ పెట్టారు. ఇప్పుడు ఆరు రకాలు లెక్కేస్తారు. మీరు చెప్పినదాన్ని బట్టి మీది నాలుగో ఐదో అయి ఉంటుంది. ఈ రకాల్లో ఏ చిన్న మంట పుట్టినా, గాయమైనా చర్మం తనకు రంగునిచ్చే మెలనిన్‌ను ఎక్కువగా తయారుచేసి మచ్చగా వదిలిపెడుతుంది. మచ్చ పోవాలని వెళ్లి కొత్త మచ్చ తెచ్చుకోవడం ఇలాగే జరుగుతుంది.

కాబట్టి ఇవాళ రాత్రి నుంచే స్క్రబ్, టోనర్, సీరమ్, రెటినాల్ నాలుగూ ఆపేయండి. తగ్గించడం కాదు, ఆపడం. నురగ తక్కువగా ఉండే మెత్తని క్లెన్సర్, గోరువెచ్చని నీళ్లు, తడి ఆరకముందే సెరమైడ్లు (చర్మం పైపొరలో సహజంగా ఉండే కొవ్వులు) ఉన్న మాయిశ్చరైజర్. బాగా చురుక్కుమనే చోట రాత్రిపూట పలచగా పెట్రోలియం జెల్లీ. పగలు సన్‌స్క్రీన్. అంతే. మూడు నాలుగు వారాలు. మొదట్లో పొట్టు ఇంకా ఎక్కువ లేస్తుంది, అది చూసి చేయి ఊరుకోదు. ఊరుకోనివ్వండి.

ఆ గింజల విషయం. చీము, ఎరుపు లేకుండా చర్మం రంగులోనే ఉన్నాయంటే మూసుకుపోయిన కొమెడోన్లు కావచ్చు. రోమరంధ్రం లోపల జిడ్డూ కణాలూ కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. పైన ఎంత రుద్దినా అది కదలదు, ఎందుకంటే అది పైన లేదు. గ్లైకాలిక్ అణువు చాలా చిన్నది, త్వరగా దిగుతుంది, కానీ నీళ్లలో కరిగే రకం. సాలిసిలిక్ జిడ్డులో కరుగుతుంది కాబట్టి రంధ్రంలోకి దారి చేసుకుంటుంది. రెటినాల్ లాంటి రెటినాయిడ్లు ఆ బిరడా తయారవడాన్నే ఆపుతాయి. అంటే మీ దగ్గరున్న సీసాల్లో మీకు పనికొచ్చేవి ఉన్నాయి. అన్నీ ఒకే ముఖం మీద ఒకే వారంలో పడటమే తప్పయింది. చర్మం కుదుటపడ్డాక ఒక్కటి, ఒక్కటే, వారానికి రెండు రాత్రులు మొదలుపెట్టాలి. ఏది అన్నది డాక్టరు చూసి చెప్పాలి. అలాంటి గింజలే ఫంగస్ వల్ల కూడా వస్తాయి, వాటికి మందు వేరు.

ఒక సంగతి. గ్లైకాలిక్ లాంటి ఈ పండ్ల ఆమ్లాలు అందం కోసం పుట్టినవి కావు. 1974లో వాన్ స్కాట్, యూ అనే ఇద్దరు పరిశోధకులు వీటి గురించి రాసింది ఇక్తియోసిస్ రోగుల కోసం. ఒళ్లంతా చేప పొలుసుల్లా చర్మం పేరుకుపోయే జబ్బు అది. పొలుసు నిజంగా పేరుకుపోయినవాళ్లకు అది గొప్ప మందు. పలచబడిపోయిన చర్మం మీద అదే మందు రోజూ పడితే ఏమవుతుందో మీ ముఖం చెబుతోంది.

---

నీలిమబ్బు:

మీ జవాబు చదువుతూ ఆ నాలుగు గీతల దగ్గర ఆగిపోయాను. నేను కూడా రేపు వెళ్లే ముందు ఈ రాత్రి బాగా రుద్దుకుని వెళ్దామనే అనుకున్నాను. అపాయింట్‌మెంట్ రద్దు చేశాను.

కానీ అక్కా, మూడు వారాల్లో ఉద్యోగం. ఈ పొట్టుతోనే వెళ్లాలా? ఇంకా మైక్రోడెర్మాబ్రేషన్, లేజర్, భుజాల సంగతి చెప్పలేదు. రేపు ఎప్పుడైనా పీల్‌కు వెళ్తే అక్కడ నేను ఏం అడగాలి?

---

తెల్లారిబస్సు జవాబు:

మగవాళ్లు ఇలాంటి చోట రాయరు కానీ నేను రాస్తాను. నాది మెడ మీద సమస్య. గడ్డం గీసుకున్న రెండో రోజుకల్లా నల్లటి పొక్కులు. నాకూ మృతకణాలని ఎవరో చెబితే గరుకు గుడ్డతో ఏడాది పాటు రుద్దాను. మెడ మొత్తం నల్లబడిపోయింది, కాలర్ బొత్తాం పెట్టుకుంటే మంట.

చివరికి డాక్టరు భూతద్దం పెట్టి నాకే చూపించారు. ఒంపు తిరిగిన వెంట్రుక బయటికి రాకుండా మళ్లీ చర్మంలోకే గుచ్చుకుంటోంది. నేను రుద్దుతున్నది ఆ గాయాల మీద. మూడు నాలుగు బ్లేళ్ల రేజరు మానేసి ఒంటి బ్లేడు పెట్టుకోమన్నారు. వెంట్రుక పెరిగే వైపే గీయమన్నారు, చర్మం లాగి పట్టుకుని మరీ నున్నగా గీయొద్దన్నారు. రాత్రి సాలిసిలిక్, అదీ వారానికి మూడుసార్లు. పొక్కులు రెండు నెలల్లో తగ్గాయి.

నలుపు మాత్రం ఏడాది పట్టింది. అందుకే ఎండ గురించి చెప్పాలని వచ్చాను. నేను మొదట్లో సన్‌స్క్రీన్ చూపుడువేలి కొసంత రాసేవాణ్ని. చూపుడువేలు, మధ్యవేలు రెండింటి పొడుగునా గీతలా పిండుకుంటే ఎంతవుతుందో అంత కావాలట ముఖానికీ మెడకూ. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఇంకో మాట, ముదురు రంగు చర్మంలో మచ్చల్ని మామూలు వెలుతురు కూడా ముదరబెడుతుంది. ఐరన్ ఆక్సైడ్లు ఉన్న రంగు సన్‌స్క్రీన్ దాన్ని కూడా కాస్త ఆపుతుంది. అది మొదలుపెట్టాకే నా మెడ తెరిపిన పడింది. మందు ఎంత ఖరీదైనా ఎండ దగ్గర వదిలేస్తే రాత్రి చేసిందంతా పగలు పోతుంది.

లేజర్ అడిగారు కదా. వెంట్రుకల కోసం నాకు చేసింది 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అనే రకం. ముదురు చర్మానికి అది మిగతావాటి కంటే భద్రమని చెప్పి మరీ చేశారు. లేజర్ అని ఒక్క మాటతో సరిపెట్టేవాళ్లను "ఏ లేజర్?" అని అడగండి.

---

మెత్తనిదూది:

తెల్లారిబస్సు గారూ, మీ ఎండ మాట నా పోస్టులో ఉండాల్సింది. థాంక్స్ అండీ. నీలిమబ్బు గారూ, యాసిడ్ వాడేటప్పుడు ఆ మాట ఇంకా గట్టిగా పట్టుకోవాలి. గ్లైకాలిక్ లాంటి పండ్ల ఆమ్లాలు చర్మాన్ని ఎండకు మరింత సున్నితం చేస్తాయి. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2005లో సీసాల మీద హెచ్చరిక రాయమని సూచించింది. వాడుతున్నన్నాళ్లే కాదు, ఆపాక కూడా వారం పాటు ఎండ నుంచి కాపాడుకోమని అందులో ఉంటుంది.

ఉద్యోగం గురించి దిగులు పడకమ్మా. మూడు వారాల్లో మీ ముఖం మీద ఏ చికిత్స చేసినా పొట్టు లేచే రోజులు, ఎర్రబడే రోజులు సరిగ్గా అప్పుడే వస్తాయి. ఏమీ చేయకుండా తడిగా ఉంచితే ఆ పొట్టు ఆలోపే తగ్గే అవకాశం ఎక్కువ. గింజలు పక్క వెలుతురులో మీకే కనిపిస్తాయి, ఎదురుగా కూర్చున్నవాళ్లకు కాదు. ఆ మాట మీరే రాశారు.

మైక్రోడెర్మాబ్రేషన్ 1985లో ఇటలీలో మొదలైంది. అల్యూమినియం ఆక్సైడ్ స్ఫటికాలను చర్మం మీదికి చిమ్మి వెంటనే పీల్చేస్తారు. ఇప్పుడు వజ్రపు పొడి అద్దిన కొసతో గీరే యంత్రాలు ఎక్కువ. రెండూ పైపొరనే తాకుతాయి. చర్మం మొద్దుగా, కళ తప్పినట్టు ఉన్నవాళ్లకు కొన్నాళ్లు నునుపు ఇస్తాయి. మూసుకుపోయిన గింజలకు, గుంటలకు, లోతు మచ్చలకు వాటితో పెద్దగా ఒరిగేది లేదు. మీ చర్మానికి ఇప్పుడది యంత్రంతో చేసే స్క్రబ్, అంతే. బ్లేడుతో ముఖం మీది నూగు తీసే డెర్మాప్లేనింగ్ చాలామంది అడుగుతారు. నూగు మందంగా తిరిగి రాదు, కోసిన కొస మొండిగా ఉండటం వల్ల అలా అనిపిస్తుంది. కానీ గింజలున్న ముఖం మీద బ్లేడు నడిపితే వాటి తలలు తెగుతాయి, వద్దు. సూదులతో చేసే మైక్రోనీడ్లింగ్, ఫ్రాక్షనల్ లేజర్ చర్మం లోపొర దాకా పోయే పనులు. మొటిమల గుంటలకు వాటి అవసరం ఉంది. మీకు గుంటలున్నాయని మీరు రాయలేదు.

భుజాల గరుకు చిన్నప్పటి నుంచీ అంటున్నారు కాబట్టి కెరటోసిస్ పైలారిస్ అని నా అనుమానం. ప్రతి వెంట్రుక మొదట్లో కెరటిన్ బిరడా కడుతుంది. అది జబ్బు కూడా కాదు, తరచూ కుటుంబంలో వచ్చే తీరు. గీరితే ఎర్రబడి మచ్చలు పడతాయి. స్నానం చేసి ఒళ్లు అద్దుకోగానే, తడి ఉండగానే 10 నుంచి 20 శాతం యూరియా క్రీము, లేదా 12 శాతం లాక్టిక్ లోషన్ రోజూ రాయండి. రెండు నెలలకు నునుపు తెలుస్తుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. భుజాల మీద వాడొచ్చన్నాను కదా అని ముఖానికి రాయకండి.

ఇక ఏం అడగాలంటే, ఏ యాసిడ్, ఎంత శాతం, పీహెచ్ (యాసిడ్ ఘాటు కొలత) ఎంత, ఎవరు పెడతారు, చర్మం కాలితే ఆ పూట డాక్టరు అక్కడే ఉంటారా అని అడగండి. శాతం ఒక్కటే వింటే సరిపోదు, పీహెచ్ తగ్గితే అదే శాతం ఎక్కువ కాలుస్తుంది. అయితే వాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతారన్నది నాకు అంతకంటే ముఖ్యం. రెటినాయిడ్ వాడుతున్నారా? మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఎప్పుడైనా వేసుకున్నారా? పెదవి మీద జ్వరపు పొక్కులు వస్తాయా? గాయం మానాక మచ్చ ఉబ్బుతుందా? గర్భం ఉందా? ఈ వారంలో ముఖానికి వ్యాక్సింగ్, త్రెడ్డింగ్ చేయించుకున్నారా? జ్వరపు పొక్కులు వచ్చేవాళ్లకు పీల్ తర్వాత అవి ముఖమంతా పాకకుండా ముందే మందు ఇస్తారు. ఈ ప్రశ్నలు రాకపోతే కుర్చీలోంచి లేచి వచ్చేయండి. మొహమాటపడొద్దు, ముఖం మీ సొంతం.

ముదురు చర్మానికి మాండెలిక్, లాక్టిక్, సాలిసిలిక్ తక్కువ మోతాదులో మొదలుపెట్టేవాళ్లను నమ్మొచ్చు. మాండెలిక్ అణువు గ్లైకాలిక్ కంటే రెండింతలు బరువు, మెల్లగా దిగుతుంది కాబట్టి పెట్టేవాళ్ల చేతిలో వ్యవధి ఉంటుంది.

---

నీలిమబ్బు (పదకొండు వారాల తర్వాత):

అక్కా, ఇంకా ఇక్కడ ఉన్నారా? మీరు చెప్పినట్టే నాలుగూ ఆపేశాను. నాలుగో రోజు ముఖం చూసి ఏడుపొచ్చింది, గడ్డం మొత్తం పొట్టు. స్క్రబ్ డబ్బా బాత్రూంలో ఉంటే చేయి పోతోందని తీసి పారేశాను. పన్నెండో రోజు పొద్దున ముఖం కడుక్కుని తుడుచుకున్నాక గుర్తొచ్చింది, నీళ్లు చురుక్కుమనలేదని. మళ్లీ ఇంకోసారి కడుక్కున్నాను, నమ్మకం కుదరక.

ఉద్యోగంలో మామూలు ముఖంతోనే చేరాను. ఎవరూ ఏమీ అనలేదు.

నాలుగు వారాల తర్వాత చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాను. మూసుకుపోయిన కొమెడోన్లే అన్నారు, ఫంగస్ కాదన్నారు. 0.1 శాతం అడాపలిన్ జెల్ రాశారు, అదీ ఒక రెటినాయిడే, వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టి ఇప్పుడు రోజు విడిచి రోజుకు వచ్చాను. నుదుటి మీద సగానికి పైగా పోయాయి. దవడ మీద ఇంకా ఉన్నాయి. భుజాలకు యూరియా రాస్తున్నాను, చేయి వేస్తే తేడా తెలుస్తోంది.

వచ్చే గురువారం మొదటి పీల్. 20 శాతం సాలిసిలిక్. మీరు రాసిన ప్రశ్నల్లో ఒక్కటి తప్ప అన్నీ నేను నోరు తెరవకముందే వాళ్లే అడిగారు. అడగనిది వ్యాక్సింగ్, అది నేనే చెప్పాను. చెవి వెనక కొంచెం రాసి రెండు రోజులు చూశారు. అడాపలిన్ ఐదు రోజుల ముందు ఆపమన్నారు, ఆపేశాను. ఒక్క సందేహం, పీల్ అయ్యాక పొట్టు లేస్తే లాగకూడదని తెలుసు, కానీ వేలాడుతున్న ముక్కనైనా కత్తిరించొచ్చా?

---

మెత్తనిదూది:

ఉన్నానమ్మా. మీ పన్నెండో రోజు చదివి చాలా సంతోషమేసింది.

పూర్తిగా విడిపోయి గాలికి ఊగుతున్న కొసైతే శుభ్రమైన చిన్న కత్తెరతో ఆ కొస మేరకు తీయొచ్చు. ఒక అంచైనా చర్మానికి అంటుకుని ఉంటే ముట్టుకోవద్దు, కింద కొత్త చర్మం ఇంకా తయారవలేదని అర్థం. మాయిశ్చరైజర్ దట్టంగా రాస్తే అణిగిపోతుంది. స్నానం తర్వాత తువ్వాలుతో తుడవకండి, అద్దండి. ఎక్కువమంది తెలియకుండా పొట్టు లాగేసుకునేది అక్కడే. మళ్లీ అడాపలిన్ ఎప్పుడన్నది డాక్టరు చెప్పిన రోజునే, చర్మం బాగుందనిపించిందని ముందు మొదలుపెట్టకండి. గురువారం ముందు రోజు రాత్రి ముఖానికి మాయిశ్చరైజర్ తప్ప ఏమీ వద్దు.